యోకాయ్ మాంగా చదవాలంటే ముందు దెయ్యాన్ని మరిచిపోండి

నేను యోకాయ్ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం ఇస్తే పది పేజీలు తిప్పి వెనక్కి ఇచ్చేసినవాళ్ళు కనీసం నలుగురున్నారు. అందరిదీ ఒకటే కంప్లయింట్, "భయమే వెయ్యలేదబ్బా" అని. వెయ్యదు. చచ్చినవాళ్ళు పగతో తిరిగితే జపాన్‌లో దాన్ని యూరేయ్ అంటారు, మన దెయ్యానికి దగ్గరగా ఉండేది అది. యోకాయ్ అంటే అక్కడి జనం చెప్పుకునే వింత జీవులు, అంతుపట్టని సంగతులు, ఆ గంప దానికంటే చాలా పెద్దది. వందేళ్ళు వాడి పారేసిన గొడుగుకు ప్రాణమొచ్చి ఒంటికాలి మీద గెంతితే యోకాయ్, రాత్రిపూట వాగు ఒడ్డున ఎవరో గింజలు కడుగుతున్నట్టు చప్పుడు వినిపించి పోయి చూస్తే ఎవరూ లేకపోతే అదీ యోకాయే.

తిరుపతి వాళ్ళకు ఇదేం కొత్త కాదు. గంగజాతరలో బండ వేషం కట్టి బూతులు తిడుతూ ఎదురొచ్చేవాణ్ణి చూసి మనం ఏం చేస్తాం? నవ్వుతాం, కొంచెం జంకుతాం, లోపల దండం కూడా పెట్టుకుంటాం, మూడూ ఒకేసారి. ఈ పుస్తకాలు చదవాల్సింది ఆ మూడ్‌లోనే.

ఎక్కడ మొదలుపెట్టాలి? షిగేరు మిజుకి దగ్గరే, అందులో అనుమానం లేదు. 1922లో పుట్టాడు, పెరిగింది సముద్రం పక్కన సకాయిమినాతో అనే చిన్న ఊళ్ళో, రెండో ప్రపంచ యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకుని వచ్చి, మిగిలిన ఒక్క చేత్తోనే ఇవన్నీ గీశాడు, 93 ఏళ్ళు బతికాడు. అందరూ ఆయన కితారో కథలతో మొదలుపెట్టమంటారు. నేను మాత్రం ముందు 'నోన్నోన్‌బా' చదవమంటాను. అది ఆయన చిన్నతనం, ఆ పల్లెలో దేవుడికి మొక్కులు మొక్కి బతికే ఒక ముసలావిడ ఆయనకు చెప్పిన కథలు. ఇంటి కప్పు మీద మరక కనపడితే అది వాన చెమ్మ కాదు, రాత్రి ఒక పొడుగు నాలుక జీవి వచ్చి నాకిపోయిందంటుంది ఆవిడ. ఇంక ఆ పిల్లోడికి నిద్రెక్కడ పడుతుంది? మీకూ అట్లాంటి అవ్వ ఉండి ఉంటే ఈ పుస్తకం రెండు రాత్రుల్లో అయిపోతుంది. 2007లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ పండగలో ఉత్తమ పుస్తకం బహుమతి దీనికే వచ్చింది.

తర్వాత కితారో. 1965లో పిల్లల వారపత్రికలో మొదలైనప్పుడు పేరులో 'స్మశానం' ఉండేది, టీవీకి ఎక్కే ముందు అది తీసేసి 'గెగెగె' అని పెట్టారు. చిన్నప్పుడు మిజుకికి తన పేరు సరిగ్గా పలకడం రాక 'గెగె' అనేవాడట, అక్కణ్ణుంచి వచ్చింది. కితారో పూడ్చిపెట్టిన తల్లి కడుపులోంచి, సమాధిలోంచి బయటికొచ్చిన పిల్లోడు. నాన్న ఒళ్ళంతా కుళ్ళిపోయినా కొడుకును చూసుకోవాలని ఒక కన్ను మాత్రం జారిపడి బతికింది, దానికే చిన్న ఒళ్ళు, కాళ్ళు, చేతులు. ఆ కంటి నాన్న టీ కప్పులో వేడినీళ్ళు పోయించుకుని హాయిగా స్నానం చేస్తుంటాడు. ఈ బొమ్మ చూసి మీకు నవ్వు రాకపోతే పుస్తకం నాకు తిరిగి ఇచ్చేయండి, పర్లేదు.

చదివే పద్ధతి చెప్తాను. పేజీ కుడి నుంచి ఎడమకు, మాటల బుడగలు కూడా అంతే, ఇరవై పేజీలకు అలవాటైపోతుంది. రాత్రికి ఒక కథ, మించి వద్దు, ఎందుకంటే ఇవి వారం వారం వచ్చినవి, వరసగా ఐదు చదివితే గొడవ, కొట్లాట, గెలుపు అన్న మూస తెలిసిపోయి విసుగొస్తుంది, కొన్ని కొట్లాటలు మరీ తేలిపోతాయి కూడా. కొట్లాట కంటే కితారో పక్కన తిరిగే ఎలుక మనిషిని గమనించండి. మూడొందల ఏళ్ళుగా స్నానం చెయ్యనివాడు, డబ్బు కనపడితే స్నేహితుణ్ణి అమ్మేసి మళ్ళీ సిగ్గు లేకుండా వచ్చి పక్కన కూర్చుంటాడు. మన బజార్లో వీడు రోజూ కనపడతాడు.

ఇంకో సంగతి, ఫోన్‌లో చదవద్దు. మనుషుల ముఖాలు నాలుగు గీతలతో తేల్చేసినా వెనక అడవి, పాత ఇల్లు, చీకటి మాత్రం చుక్క చుక్కగా నింపాడు, యోకాయ్ ఉండేది ఆ చుక్కల్లోనే. మాటలేమీ లేని బొమ్మ దగ్గర ఒక నిమిషం ఆగండి.

ప్రతి పేరుకూ గూగుల్ చెయ్యకండి. దానికి బదులు ఇది అసలు ఎవరికి, ఎప్పుడు ఎదురై ఉంటుందా అని ఆలోచించండి. నురికబె అనే గోడ ఉంది. రాత్రి నడిచేవాడికి ఉన్నట్టుండి ముందుకు దారి ఉండదు, కంటికేమీ కనపడదు. క్యూషూ దీవి పల్లెల్లో జనం చెప్పుకున్నది ఇంతే, దానికి కళ్ళు, పొట్టి కాళ్ళు పెట్టి బొమ్మ కట్టింది మిజుకి. యుద్ధంలో పసిఫిక్ సముద్రంలోని న్యూ బ్రిటన్ దీవి అడవిలో రాత్రి తప్పించుకుని పోతుంటే తనకూ ఆ గోడ అడ్డమొచ్చిందని, అలిసి కాసేపు కూలబడి లేచి చూస్తే లేదని ఆయనే చెప్పుకున్నాడు.

ఆ బొమ్మ మా అవ్వకు చూపించాను. పాకాల దగ్గర పల్లె ఆమెది. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "గోడకు కాళ్ళేంది నాయనా" అనింది. కథంతా చెప్పాను.

"మరులుతీగ తొక్కింటాడులే. మీ తాత కూడా ఒకసారి తొక్కినాడు. కూర్చుని వక్కాకు నమిలి లేస్తే దారి ఆడే ఉండె."