లినక్స్‌లో తేదీ, నెల తారుమారవుతున్నాయా? లొకేల్ ఇలా సరిచేయండి

స్క్రీన్ మీద 03/04/2025 అని కనబడితే అది ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? తేదీ, అంకెలు, భాష ఏ దేశం పద్ధతిలో చూపించాలో చెప్పే సెట్టింగే లొకేల్. అమెరికా ఇంగ్లిష్ లొకేల్ నెల ముందు రాస్తుంది, ఇండియా ఇంగ్లిష్ లొకేల్ నెలకంటే ముందు తేదీ రాస్తుంది. చాలామంది వెంటనే టైమ్‌జోన్ మీద పడతారు. దానికీ దీనికీ సంబంధం లేదు, దాని జోలికి పోకండి.

కావలసింది టెర్మినల్, సుడో పాస్‌వర్డ్. అంతే.

1. 'లొకేల్' అని కొట్టి ఇప్పుడేముందో చూడండి.

2. 'లొకేల్ -ఎ' కొడితే సిస్టమ్‌లో సిద్ధంగా ఉన్నవి వస్తాయి. కావలసింది లేకపోతే డెబియన్, ఉబుంటుల్లో లొకేల్-జెన్‌తో తయారుచేసుకోండి. లేని పేరు పెడితే డేట్ కమాండ్ ఎర్రర్ కూడా ఇవ్వదు, చప్పుడు చేయకుండా 'సీ' అనే సాదా డిఫాల్ట్ లొకేల్‌కి వెళ్లిపోతుంది.

3. ఇక్కడ మాత్రం నిదానం. తేదీ రూపాన్ని తేల్చే సెట్టింగులు (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్) మూడు: ఎల్‌సీ_ఆల్, ఎల్‌సీ_టైమ్, ల్యాంగ్. మొదటిది ఉంటే మిగతా రెంటి మాట చెల్లదు. అది లేకపోతే రెండోది, అదీ లేకపోతే ల్యాంగ్. ఎవరినడిగినా 'ఎల్‌సీ_ఆల్ పెట్టేయ్' అంటారు. పెట్టకండి! తేదీ కోసమని అది పెడితే అక్షరక్రమం, మెసేజ్‌ల భాష, అంకెలు అన్నీ కదులుతాయి. డెన్మార్క్ ఇంగ్లిష్‌ని అలా పెడితే 3.50 కాస్తా 3,50 అవుతుంది, లెక్కలు వేసే స్క్రిప్టులు అక్కడే కూలబడతాయి. 'లొకేల్' చూపించిన దాంట్లో ఎల్‌సీ_ఆల్ పక్కన ఏదైనా ఉంటే, టెర్మినల్ తెరిచినప్పుడు, లాగిన్ అయినప్పుడు నడిచే బాష్ఆర్‌సీ, ప్రొఫైల్ ఫైళ్లు వెతికి తీసేయండి. అదున్నంతసేపూ ఎల్‌సీ_టైమ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితముండదు.

ఇప్పుడు ఎల్‌సీ_టైమ్ ఒక్కదానికే డెన్మార్క్ ఇంగ్లిష్, అంటే 'ఈఎన్_డీకే.యూటీఎఫ్-8' ఇవ్వండి. తేదీ 2025-04-03 అని వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, పేరు వరసలో పెడితే కాలక్రమం కూడా అదే. ఇంకేదీ పెట్టుకోకండి. తెలుగు లొకేల్ ముచ్చటగానే ఉంటుంది కానీ, నెలల పేర్లు తెలుగులో రాగానే ఇంగ్లిష్ పేర్ల కోసం గ్రెప్ చేసే (టెక్స్ట్‌లో వెతికే) స్క్రిప్టులకు ఏమీ దొరకదు.

4. మీ ఒక్కరికైతే ఎక్స్‌పోర్ట్‌తో బాష్ఆర్‌సీలో, సిస్టమ్ అంతటికీ అయితే డెబియన్, ఉబుంటుల్లో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లోని లొకేల్ ఫైల్లో, ఫెడోరాలో లొకేల్.కాన్ఫ్‌లో రాయండి. లాగవుట్ చేసి మళ్లీ రండి.

సర్వర్లో ఇంకో చిక్కుంది. డెబియన్, ఉబుంటుల్లో సర్వర్లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మీ ల్యాప్‌టాప్ లొకేల్‌ని సర్వర్‌కి మోసుకెళ్తుంది. అందుకే ఒకే సర్వర్లో మీకో తేదీ, పక్కవాడికో తేదీ కనబడతాయి. పెట్టిన టైముకి తనంతట తానే నడిచే క్రాన్ జాబ్ మీ బాష్ఆర్‌సీని చదవనే చదవదు. స్క్రిప్టుల్లో లొకేల్‌ని నమ్ముకోకుండా డేట్‌కి ప్లస్, పర్సెంట్, క్యాపిటల్ ఎఫ్ ఇవ్వండి, ఏ లొకేల్ ఉన్నా తేదీ ఒకేలా వస్తుంది.