నిషిద్ధ మందుకు దగ్గరి అణువు ఆర్డర్ వస్తే ఏం చూడాలి

జీడిమెట్ల, పాశమైలారం వైపు చిన్న కస్టమ్ సింథసిస్ యూనిట్లకు (అడిగిన రసాయనాన్ని తయారుచేసి ఇచ్చేవి) ఇలాంటి ఎంక్వయిరీలు కొత్తేమీ కావు. "షెడ్యూల్‌లో (చట్టం కట్టడి చేసిన మందుల జాబితాలో) ఈ పేరు లేదు సార్" అని ఎవరో చెప్పగానే కొటేషన్ పంపేయకండి. ఒకే అణువుకు అరడజను పేర్లుంటాయి. క్యాస్ నంబరు (ప్రతి రసాయనానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఒక్కటే చూసినా చాలదు, అసలు అణువైన బేస్‌కు ఒకటి, దాని లవణానికి ఇంకొకటి ఉంటుంది. నిర్మాణం మీరే గీసి, షెడ్యూల్‌లోని రసాయన నామాలతో పోల్చండి.

మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో సైకోట్రోపిక్ (మనసుపై పనిచేసే) పదార్థాల షెడ్యూల్ చాలావరకు పేర్ల చిట్టా. సందు ఉన్నదక్కడే, కానీ అది ఎప్పుడు మూసుకుంటుందో చెప్పలేం. సెక్షన్ 3 కింద కేంద్రం గెజిట్ నోటిఫికేషన్‌తోనే పేరు చేర్చగలదు. కెటమిన్ 2011లో, మెఫెడ్రోన్ 2015లో, ట్రమడాల్ 2018లో అలాగే చేరాయి. కాబట్టి ఆర్డర్ తీసుకునేటప్పుడు ఒకసారి, సరుకు కదిలే ముందు మరోసారి గెజిట్ చూడాలి.

"ఇది హైడ్రోక్లోరైడ్ లవణం కదా, షెడ్యూల్‌లోని అణువు కాదు" అన్న వాదన నిలవదు. లవణాలు, ప్రిపరేషన్లు (ఆ మందు కలిపిన మిశ్రమాలు) కూడా షెడ్యూల్ కిందే వస్తాయి. పలచన చేసినా లాభం లేదు. 2009 నోటిఫికేషన్ ప్రకారం మొత్తం మిశ్రమాన్నే తూస్తారు, 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. మెఫెడ్రోన్‌కు వాణిజ్య పరిమాణం, అంటే భారీ శిక్ష మొదలయ్యే హద్దు, 50 గ్రాములు. అందులో అసలు మందు 5 గ్రాములే ఉన్నా, 60 గ్రాముల పొడి దొరికితే సెక్షన్ 22 కింద శిక్ష 10 ఏళ్ల నుంచి మొదలవుతుంది.

చాలామంది మన చట్టం దగ్గరే ఆగిపోతారు, దెబ్బ తగిలేది సరుకు దిగే దేశంలో. అమెరికాలో 1986 అనలాగ్ (నిషిద్ధ మందును పోలిన అణువుల) చట్టానికి జాబితాలో పేరు అక్కర్లేదు. షెడ్యూల్ 1 లేదా 2 మందుకు నిర్మాణంలో, ప్రభావంలో బాగా దగ్గరగా ఉండి, మనుషులు వాడడానికే ఉద్దేశించినదైతే చాలు. డబ్బాపై "మనుషుల వాడకానికి కాదు" అని అంటిస్తే రక్షణ వస్తుందనుకోవడం భ్రమ, అసలు ఉద్దేశాన్ని కోర్టు మిగతా సాక్ష్యాల్లో వెతుకుతుంది. ఫెంటనిల్ కుటుంబాన్నైతే చైనా 2019 మే 1 నుంచి మొత్తంగా కట్టడి చేసింది. బ్రిటన్ 2016 చట్టం నిర్మాణం జోలికే పోదు, మనసుపై పనిచేస్తుందా అన్నదే ప్రశ్న.

అడిగింది ఇంటర్మీడియట్ (మందు తయారీలో మధ్య దశలో వచ్చే రసాయనం) అయితే 2013 నియంత్రిత పదార్థాల ఉత్తర్వు వేరుగా చూడండి. కొనేవాడు దేనికి వాడతాడో చెప్పే లేఖ ఇవ్వకపోయినా, ఇన్వాయిస్‌లో పేరు మార్చమన్నా ఆర్డర్ వదిలేయండి. అనుమానం ఉంటే నిర్మాణం జతచేసి గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్‌కు రాయండి. రాతపూర్వక జవాబు వచ్చేదాకా ఒక్క గ్రాము కూడా శాంపిల్ పంపొద్దు.