బోటు ఇంజిన్‌లో నీళ్ళు తగ్గుతున్నాయా? ముందు ఏ నీళ్ళో తేల్చుకోండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇసకపల్లి, జువ్వలదిన్నె, కృష్ణపట్నం, అటు కొత్తపట్నం దాకా ఎక్కడ చూసినా బోట్లు కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటారు, చెక్కకు రంగులేస్తారు. ఇంజిన్ వంతు మాత్రం ఆఖరి వారంలోగానీ రాదు. వచ్చినా చాలామంది సరంగులు (బోటు నడిపేవాళ్ళు) చెప్పే మాట ఒకటే: "ఏం లేదన్నా, రోజూ రెండు లీటర్లు తాగతా ఉంది, పోసుకుంటా పోతన్నాం."

ఇంజిన్ నీళ్ళు తాగదు. పోసిన నీళ్ళు ఎటో పోతున్నాయి. ఆ దారి సముద్రంలోకైతే కొన్నాళ్ళు నడుస్తుంది. సిలిండర్‌లోకో ఆయిల్‌లోకో అయితే ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు ఇంజిన్ పట్టేస్తుంది. ఆ బోటులో నలుగురైదుగురు మనుషులుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేది లారీ ఇంజిన్‌ను సముద్రానికి తగ్గట్టు మార్చి బోటు లోపల బిగించుకున్న పాత డీజిల్ ఇంజిన్ల గురించి. ఫైబర్ బోటు వెనక తగిలించే ఇంజిన్ల సంగతి వేరు.

రెండు నీళ్ళు, రెండు దారులు

ఈ ఇంజిన్లలో రెండు రకాల నీళ్ళు తిరుగుతాయి. బ్లాకు, హెడ్డు చుట్టూ తిరిగేవి మంచినీళ్ళు, అంటే కూలెంట్ కలిపిన నీళ్ళు. మూత ఉన్న హెడర్ ట్యాంకులో కనిపించేవి ఇవే. రెండోవి ఉప్పునీళ్ళు. రబ్బరు ఇంపెల్లర్ ఉన్న పంపు వీటిని బోటు అడుగు నుంచి లాగి, మనం కూలర్ అని పిలిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్లోంచి పంపి, పొగతోపాటు బయటికి నెట్టేస్తుంది. గొట్టాల లోపల ఉప్పునీళ్ళు, బయట మంచినీళ్ళు. మధ్యనున్నది పలచటి రాగి మిశ్రమం గోడ ఒక్కటే.

కాబట్టి కారుతోంది అనగానే పానా చేతికి తీసుకోకండి. ఏ నీళ్ళు కారుతున్నాయో ముందు చూడండి. ఆరిపోయిన మరకే చెబుతుంది. కూలెంట్ ఆరితే పచ్చగానో ఎర్రగానో, అది ఏ రంగుదైతే ఆ రంగు జిగురు మరక మిగులుతుంది. ఉప్పునీళ్ళు ఆరితే తెల్లగా గరుకుగా పెచ్చు కడుతుంది. నాలుక మీద వేసుకుని ఉప్పో కాదో చూసే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది. కూలెంట్ దగ్గర ఆ పని వద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పారబోసిన కూలెంట్‌ను కుక్కలు నాకినా చచ్చిపోతాయి.

వెతికే ముందు రెండు పనులు చేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మూత తిప్పితే ఆవిరి ముఖం మీదికే వస్తుంది. తర్వాత బోటు అడుగున నీళ్ళన్నీ తోడేసి, గుడ్డతో తుడిచి, ఇంజిన్ కింద పాత న్యూస్‌పేపర్లు పరవండి. తడిసిన చోటును బట్టి పైకి చూసుకుంటూ పోవచ్చు. అడుగున వారం రోజుల నీళ్ళు, డీజిల్, చేపల నీచు కలిసి ఉంటే ఎంతటి మెకానిక్కైనా ఏమీ కనిపించదు.

బయటికే కనిపించే కారుడు

ఎక్కువగా రబ్బరు పైపుల దగ్గరే ఉంటుంది. క్లిప్పు పక్కన పైపును వేళ్ళతో నొక్కి చూడండి. మెత్తగా జారినా, పటపటమని పగుళ్ళు విచ్చుకున్నా మార్చాల్సిందే. క్లిప్పును ఇంకా బిగిస్తే రబ్బరు తెగుతుంది తప్ప కారుడు ఆగదు. కొత్త పైపు వేసే ముందు అది ఎక్కే లోహపు మూతిని చూడండి. అక్కడ ఉప్పు తిని గుంటలు పడి ఉంటే ఎమిరీ కాగితంతో నున్నగా రుద్దాలి. లేకపోతే కొత్త పైపూ కారుతుంది. స్టీలు క్లిప్పులు కొనేటప్పుడు స్క్రూకి అయస్కాంతం పెట్టి చూడండి. పట్టీ మంచిదే ఉంటుంది, స్క్రూ మామూలు ఇనుముది పెడతారు. ఉప్పుగాలికి ముందు తుప్పుపట్టేది అదే. నీటి మట్టానికి దిగువన ఉన్న ప్రతి పైపుకూ రెండేసి క్లిప్పులు వేయండి. అక్కడ పైపు ఊడితే పోయేది ఇంజిన్ కాదు, బోటే.

తర్వాత పంపులు. పంపు పొట్ట కింద చిన్న బొక్క ఒకటి ఉంటుంది. అందులోంచి చుక్కలు పడుతున్నాయంటే లోపల సీలు పోయింది. ఆ బొక్కలో ఎమ్‌సీల్ పెట్టి మూసేసిన బోట్లు నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. గేరుతో తిరిగే ఉప్పునీళ్ళ పంపులో నీళ్ళను ఆపే సీలు ఒకటి, ఆయిల్‌ను ఆపే సీలు ఒకటి ఉంటాయి. ఏది పోయినా బయటికి తెలియడానికే రెండింటి మధ్య ఆ దారి పెట్టారు. దాన్ని మూస్తే ఉప్పునీళ్ళు నేరుగా ఆయిల్‌లోకి నడుస్తాయి. సీలు మార్చేటప్పుడు షాఫ్టు మీద గోరు పెట్టి గీయండి. గోరు గాడిలో పడితే కొత్త సీలు నిలవదు, షాఫ్టు కూడా మార్చాలి.

బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్ళలుంటాయి, కోర్ ప్లగ్గులు. పాత నీళ్ళకు లోపలి నుంచి తుప్పు తిని వీటికి సూదిమొన బెజ్జాలు పడతాయి. ఒక అంచు మీద కొడితే ప్లగ్గు అడ్డం తిరుగుతుంది, కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగేయాలి. బ్లాకు లోపలికి పోనివ్వకూడదు. ఒకదానికి బెజ్జం పడిందంటే మిగతావీ అదే వయసువి కాబట్టి అన్నీ మార్చండి. ఇత్తడివి దొరికితే ఇత్తడివే వేయండి.

బయట చుక్క లేదు, ట్యాంకులో మాత్రం తగ్గుతోంది

అసలు తలనొప్పి ఇదే. దీని మీదే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

ఇసకపల్లిలో ఒక బోటుకు రోజుకు లీటరున్నర తగ్గేది. పైపులన్నీ మార్చారు, మంచినీళ్ళ పంపు మార్చారు, చివరికి హెడ్డు విప్పుదామన్నారు. నేను పోయి చూస్తే అడుగున కాగితం పొడిగా ఉంది. ఆయిల్ శుభ్రంగా ఉంది. ముందు కూలర్ చూద్దామన్నాను. రెండు చివర్ల మూతలూ విప్పి, గొట్టాల మూతులు తుడిచి ఆరబెట్టాం. హెడర్ ట్యాంకు నిండా నీళ్ళు పోసి, సైకిల్ పంపుకు గేజీ కట్టి మెల్లగా 10 పౌండ్ల ఒత్తిడి ఇచ్చాం. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కింది వరసలో ఒక గొట్టం అంచున ఆవగింజంత నీటి బొట్టు ఊరింది. తుడిస్తే మళ్ళీ అక్కడే ఊరింది. ఇంజిన్ వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడు మంచినీళ్ళు ఆ బెజ్జంలోంచి ఉప్పునీళ్ళలో కలిసి, పొగతో సముద్రంలోకి పోతున్నాయి. ఎవరికి కనిపిస్తుంది?

ఈ పరీక్షకు గేజీ తప్పనిసరి. ట్యాంకు మూత మీద 0.5 అనో 0.9 అనో అంకె ఉంటుంది, అది బార్‌లలో ఒత్తిడి. 0.9 అంటే సుమారు 13 పౌండ్లు. ఆ అంకె దాటి ఒక్క పంపు కూడా ఎక్కువ కొట్టకండి, ఉన్న బెజ్జానికి తోడు కొత్తవి పడతాయి.

ఒకటి రెండు గొట్టాలే పోయి ఉంటే ఇత్తడి బిరడాలు లేత్‌లో ఏటవాలుగా తిప్పించి రెండు చివర్లా కొట్టేయవచ్చు. నూటికి పది గొట్టాల దాకా మూసినా నడుస్తుంది. అంతకు మించితే ఇంజిన్ వేడెక్కుతుంది. అలాంటిదాన్ని నెల్లూరు ఆటోనగర్‌కో ఒంగోలుకో తీసుకుపోయి గొట్టాలు కొత్తవి వేయించడమో, కూలరే మార్చడమో చేయాలి. మూతలు బిగించేటప్పుడు రబ్బరు రింగులు కొత్తవే వేయండి. గొట్టాల్లో పేరుకున్నదాన్ని ఇనుప చువ్వతో పొడవకండి, సన్నటి వెదురు పుల్ల చాలు. కూలర్‌కు జింక్ ముక్క ఉండే ప్లగ్గు ఉంటే విప్పి చూడండి. సముద్రపు నీళ్ళు రాగిని తినకుండా ఆ జింక్ తాను కరుగుతుంది. సగం కరిగిందంటే మార్చే రోజు వచ్చినట్టే. ఇసకపల్లి బోటులో ఆ ప్లగ్గుకు జింక్ ఆనవాలే లేదు.

ఇదే బెజ్జం రివర్సులోనూ పనిచేస్తుంది. ఇంజిన్ ఆపాక లోపల చల్లబడి నీళ్ళు కుంచించుకుంటే, ఉప్పునీళ్ళు లోపలికి పీల్చుకుపోవచ్చు. అనుమానముంటే ట్యాంకులోంచి చిన్న సీసాడు నీళ్ళు తీసి దగ్గర్లోని రొయ్యల ల్యాబ్‌లో క్లోరైడ్ చూపించండి. మన తీరంలో ల్యాబులకు కొదవలేదు. రొయ్యల గుంటల దగ్గర ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటర్‌ను మాత్రం దీనికి నమ్మకండి. కూలెంట్ కలిసిన నీళ్ళకు అది ఉప్పు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది.

ట్యాంకులో బుడగలు, తెల్లపొగ

కూలర్ గట్టిగా ఉండి ఇంకా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు, అంటే బ్లాకుకూ హెడ్డుకూ మధ్య వేసే రేకు వైపు చూడాలి. చల్లటి ఇంజిన్‌కు మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట గాలి కొంత రావచ్చు. ఆగకుండా బుడగలు వస్తూ, రేసు పెంచితే అవి పెరుగుతుంటే సిలిండర్ గాలి నీళ్ళలోకి వస్తోంది. స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడినా అదే కారణం. ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకపోతే నీళ్ళు సిలిండర్‌లో కాలుతున్నాయి.

హెడ్డు బోల్టులు ఇంకాస్త బిగిస్తే సరిపోతుందని అంటారు. సరిపోదు. హెడ్డు దించి, స్టీలు స్కేలు అంచు పెట్టి, కింద ఫీలర్ గేజీ (సందు కొలిచే పలచటి రేకు బిళ్ళలు) దూర్చి చూడండి. 0.1 మిల్లీమీటర్ బిళ్ళ దూరితే నేనైతే లేత్‌కు పంపుతాను. బిగించేటప్పుడు నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి, మూడు విడతల్లో, టార్క్ పానాతో బిగించాలి.

రాత్రి ఆపిన ఇంజిన్ పొద్దున కదలకుండా మొరాయిస్తే మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. నీళ్ళు తిరిగే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలినా, గ్యాస్కెట్ పోయినా పిస్టన్ మీద నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పి చేత్తో తిప్పి ఆ నీళ్ళు బయటికి పంపాలి, ఆ తర్వాతే కారణం వెతకాలి.

ఆయిల్ పాలటీ రంగు

డిప్‌స్టిక్ తీస్తే పాలు కలిపిన టీలా ఉందంటే ఆ ఇంజిన్‌ను ఒక్క నిమిషం కూడా నడపకండి. గ్యాస్కెట్, ఆయిల్ కూలర్, ఉప్పునీళ్ళ పంపు, ఈ మూడింటిలో ఒకటి. హెడర్ ట్యాంకులో కూడా నూనె తెట్టు తేలుతుంటే ముందు ఆయిల్ కూలర్ చూడండి. నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి అది నీళ్ళలోకి పోతుంది, ఆపాక నీళ్ళు ఆయిల్‌లోకి వస్తాయి. కారణం బాగుచేశాక ఆయిల్, ఫిల్టర్ మార్చి కాసేపు నడిపి మళ్ళీ మార్చండి. ఒక్కసారితో ఆ తడి పూర్తిగా పోదు.

పసుపు, తెర్మోస్టాట్, బోరు నీళ్ళు

ట్యాంకులో గుప్పెడు పసుపు వేస్తే కారుడు ఆగుతుందని లారీల దగ్గర నేర్చుకున్న చిట్కా ఒకటుంది. ఆగుతుంది, రేవు చేరేదాకా. ఆ పసుపే కూలర్ సందుల్లో పేరుకుని రేపు ఇంజిన్‌ను వేడెక్కిస్తుంది. సముద్రం మధ్య ప్రాణం మీదికొస్తే వేయండి, ఒడ్డుకు రాగానే మొత్తం కడిగేయండి. వేడెక్కుతోందని తెర్మోస్టాట్ పీకేయడం కూడా మానండి. అది ఇంజిన్‌ను సరైన వేడి మీద ఉంచడానికే ఉంది.

తీరం వెంట బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. వాటితో లోపల గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కంపెనీ చెప్పిన పాళ్ళలో, మామూలుగా సగానికి సగం, కూలెంట్ కలపండి. మనకు మంచు పడదు కదా అని వదిలేయకండి, తుప్పును ఆపేది అదే. రెండు రకాల కూలెంట్లు కలపకండి, కొన్ని కలిస్తే ముద్ద కడతాయి. పోసేటప్పుడు మెల్లగా పోసి, గాలి పోయే స్క్రూ ఉంటే వదులు చేసి, గాలంతా పోయాక బిగించండి.

పని అయ్యాక రేవులోనే కట్టేసి గంటసేపు లోడు మీద నడపండి. ఆపి, పూర్తిగా చల్లారాక ట్యాంకు మీద మార్కర్‌తో మట్టం గీయండి. మర్నాడు పొద్దున గీత దగ్గరే ఉంటే ఐసు ఎక్కించండి. వేలెడు తగ్గితే కింద కాగితం పరిచి మళ్ళీ మొదటినుంచి చూడండి.