సాకెట్లన్నీ పనిచేస్తున్నా రింగ్ తెగి ఉండవచ్చు: బ్రిటన్ ఇళ్లలో స్పర్ సమస్యలు, పరిష్కారాలు

బ్రిటన్ ఇళ్లలో సాకెట్లకు సాధారణంగా రింగ్ వైరింగ్ ఉంటుంది. 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే సరఫరా ఆపే స్విచ్) దగ్గర బయలుదేరిన 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ సాకెట్లన్నిటినీ చుట్టి మళ్లీ అదే ఎంసీబీకి చేరుతుంది. ఆ చుట్టు మీది సాకెట్ నుంచి పక్కకు లాగిన కొమ్మే స్పర్. మన ఊళ్లలో బోర్డు నుంచి బోర్డుకు లూప్ చేసుకుంటూ పోయే పని చూసినవారు ఇక్కడ కూడా దగ్గరున్న సాకెట్ నుంచి వైరు లాగేస్తారు. ఈ కింది సమస్యల్లో చాలావాటికి మూలం అదే.

మెయిన్ స్విచ్ ఆపి, కరెంటు లేదని రెండు మొనల టెస్టర్‌తో నిర్ధారించుకోవడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను. నియాన్ బల్బు ఉన్న స్క్రూడ్రైవర్‌ను నమ్ముకునేవారు దయచేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కొత్త సాకెట్‌లో కరెంటు లేదు

ఫ్యూజ్డ్ స్పర్ (మొదట్లో ఫ్యూజు యూనిట్ ఉన్న కొమ్మ) అయితే ముందు అందులోని 13 ఆంపియర్ల ఫ్యూజు చూడండి. అది బాగుంటే, టెర్మినల్ స్క్రూ రాగి తీగను కాక పైనున్న ప్లాస్టిక్ తొడుగును పట్టుకుని ఉంటుంది. తొడుగు ఇంకొంచెం ఒలిచి మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

ఆర్సీడీ (కరెంటు ఎర్తుకు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పడిపోతోంది

కొత్త సాకెట్‌లో ఏమీ పెట్టకముందే పడిపోతుంటే చాలావరకు న్యూట్రల్ ఎర్తుకు తగులుతోందని అర్థం. ప్లేటు వెనక్కు నెట్టేటప్పుడు స్క్రూ కింద నలిగిన వైరే సాధారణంగా కారణం. ఏదైనా పరికరం వేసినప్పుడే పడిపోతుంటే, ఫేజ్ ఒక సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ మరో సర్క్యూట్ నుంచి తీసుకున్నారేమో చూడండి.

అన్నీ పనిచేస్తున్నాయి, కానీ ప్లేటు వేడెక్కుతోంది, లేదా అసలు ఏ లక్షణమూ లేదు

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. స్పర్ తీసిన సాకెట్ టెర్మినల్‌లో ఇప్పుడు రెండుకు బదులు మూడు తీగలు ఉంటాయి. ప్లేటు గోడలోకి నెట్టేటప్పుడు వాటిలో రింగ్‌కు చెందినది ఒకటి జారిపోతే రింగ్ అక్కడ తెగిపోతుంది. అయినా ఏ సాకెట్టూ ఆగదు, ఎందుకంటే తెగిన చోటుకు అటువైపు ఉన్నవి ఒక కొస నుంచి, ఇటువైపు ఉన్నవి రెండో కొస నుంచి కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. ఇంట్లో వాళ్లకు అనుమానమే రాదు.

ఒక సాయంత్రం వంటగదిలో 3 కిలోవాట్ల కెటిల్, బట్టలు ఆరబెట్టే యంత్రం, డిష్‌వాషర్ ఒకేసారి నడిస్తే కరెంటు 30 ఆంపియర్లు దాటుతుంది. రింగ్ సవ్యంగా ఉంటే ఆ భారం రెండు దారుల్లో పంచుకోబడుతుంది. తెగి ఉంటే మొత్తం ఒకే కేబుల్ మీద పడుతుంది. గోడకు క్లిప్పులతో బిగించిన 2.5 కేబుల్ సామర్థ్యమే 27 ఆంపియర్లు, ఇన్సులేషన్‌లో కూరుకుపోయి ఉంటే ఇంకా తక్కువ. 32 ఆంపియర్ల ఎంసీబీ మాత్రం ఆ కరెంటుకు పడిపోదు.

దీన్ని పట్టుకునే పరీక్ష ఒక్కటే, అందరూ వదిలేసేదీ అదే. పరికరాలన్నీ ప్లగ్గుల నుంచి తీసేసి, కన్స్యూమర్ యూనిట్ (ఎంసీబీలు ఉండే పెట్టె) దగ్గర రింగ్ కొసలను విడదీసి, ఫేజ్ కొస నుంచి ఫేజ్ కొసకు, అలాగే న్యూట్రల్‌కు, ఎర్తుకు నిరోధం కొలవాలి. 60 మీటర్ల రింగ్ అయితే ఫేజ్, న్యూట్రల్ రెండూ దాదాపు 0.44 ఓమ్ రావాలి. ఎర్తు తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లే కాబట్టి అది సుమారు 0.73 వస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికైనా కొస నుంచి కొసకు దారి లేకపోతే రింగ్ తెగినట్టే. మామూలు మల్టీమీటర్ ఇంత చిన్న విలువలకు నమ్మదగినది కాదు, 200 మిల్లీఆంపియర్లతో కొలిచే మీటరు కావాలి. ముందుగా మీరు చేయి పెట్టిన సాకెట్‌నే విప్పండి, తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. వెంటనే దొరకకపోతే, దొరికేదాకా ఎంసీబీని 20 ఆంపియర్లకు మార్పించి వాడుకోండి.

ఇదే పరీక్షను పని మొదలుపెట్టకముందే చేస్తే ఇంకో మోసం కూడా బయటపడుతుంది. వెనుక రెండు కేబుళ్లు ఉన్నాయి కాబట్టి ఆ సాకెట్ రింగ్ మీదే ఉందని చాలామంది తీర్మానించేస్తారు. కానీ పాత యజమాని స్పర్ నుంచి మళ్లీ స్పర్ లాగి ఉంటే, మధ్యలోని సాకెట్ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. ఒక కొస ఫేజ్‌ను రెండో కొస న్యూట్రల్‌తో, మిగిలిన ఫేజ్, న్యూట్రల్ కొసలను ఒకదానితో ఒకటి కలిపి ప్రతి సాకెట్ దగ్గరా ఫేజ్, న్యూట్రల్ మధ్య కొలిస్తే, రింగ్ మీదివన్నీ ఇంచుమించు ఒకే విలువ, పై ఉదాహరణలో 0.22 ఓమ్, చూపుతాయి. స్పర్ మీదివి అంతకంటే ఎక్కువ చూపుతాయి. ఫ్యూజు లేని స్పర్‌కు ఒక సింగిల్ లేదా ఒక డబుల్ సాకెట్ మాత్రమే అనుమతి. ఇంకా కావాలంటే కొమ్మ మొదట్లో 13 ఆంపియర్ల ఫ్యూజ్డ్ యూనిట్ పెట్టాలి. ఆ తర్వాత ఎన్ని సాకెట్లున్నా మొత్తం భారం 13 ఆంపియర్లకు లోబడుతుంది.

ఎలుకలు కొరికి తీగ తెగిపోవడం, రెండు రింగుల కొసలు తారుమారు కావడం లాంటివి అరుదు. పై కొలతలు సరిగా వచ్చాయంటే వాటి కోసం గోడ పగలగొట్టే పని లేదు.