కంప్యూటర్ చిప్పులు తయారుచేసే పాత మెషిన్లకు దొరకని వాల్వులు ఎలా సంపాదించాలి?

ఆటోనగర్‌లో ఓ పూట తిరిగితే ముప్పై ఏళ్ల నాటి లారీకైనా గేర్‌బాక్స్ దొరుకుతుంది. దొరక్కపోతే ఎవరో ఒకరు చేసిస్తారు. ఆ నమ్మకంతోనే మొదట్లో నేను కూడా చిప్పుల మెషిన్లో గ్యాస్ వదిలి, ఆపే వాల్వ్ ఒకటి సంచిలో వేసుకుని ఆ వీధుల్లో తిరిగాను. ఇద్దరు దాన్ని గ్యాస్ రెగ్యులేటర్ అనుకున్నారు. మూడో ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన దగ్గర దొరికేది కాదు అబ్బాయ్" అని మళ్లీ నా చేతిలో పెట్టేశాడు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ల్యాబుల్లో సిలికాన్ వేఫర్ల (చిప్పులు చేసే పలుచని బిళ్లల) మీద పలుచని పొరలు వేసే పాత మెషిన్లను నేను చూసుకుంటాను. ఈ రంగంలో మెషిన్లు ఓ పట్టాన రిటైర్ కావు. అప్లైడ్ మెటీరియల్స్ వాళ్ల ప్రెసిషన్ 5000 అనే మెషిన్ 1987లో వచ్చింది. 1993లోనే ఒకదాన్ని అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చారు. అదే మోడల్ ఇప్పటికీ కొన్ని ఫ్యాక్టరీల్లో డ్యూటీ చేస్తూనే ఉంది. మెషిన్ బతికే ఉంటుంది, దానిలోని వాల్వ్ తయారీ మాత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. వాల్వ్‌ను చాలాసార్లు మెషిన్ కంపెనీ కాదు, వేరే కంపెనీ తయారుచేస్తుంది. వాళ్లు "ఇంక చేయం, కావాలంటే ఇప్పుడే ఆఖరి ఆర్డరు ఇచ్చుకోండి" అని నోటీసు ఇచ్చి ఉంటారు. ఆ నోటీసు మన దాకా రాదు.

ముందు, పోయింది ఏమిటో తేల్చండి

సగం సందర్భాల్లో వెతకాల్సింది వాల్వ్‌ను కాదు. పోయేది కరెంటు కాయిలో, సందు మూసే రబ్బరు ఓ-రింగో, వాల్వ్‌ను కదిలించే గాలి వచ్చే పైపో అయి ఉంటుంది.

ఛాంబర్‌ను పంపుతో బాగా ఖాళీ చేసి, పంపు వైపు వాల్వ్ మూసి, ప్రెషర్ ఎలా పెరుగుతుందో నిమిషానికోసారి కాగితం మీద రాసుకోండి. మొదట గబగబా పెరిగి తర్వాత నెమ్మదిస్తే లోపలి గోడల నుంచి తేమ వదులుతోందని అర్థం. వానాకాలంలో ఇది మామూలే. అలా కాకుండా గీత గీసినట్టు ఒకే వేగంతో పెరుగుతూ పోతే అది లీకే. అప్పుడు వాల్వ్ బయట జాయింట్ల దగ్గర హీలియం చల్లి చూడాలి. హీలియం డిటెక్టర్ లేకపోతే, వాక్యూమ్ గేజ్‌ను చూస్తూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదితో ఒక్కో జాయింటుకు అద్దండి. లీకున్న చోట ముల్లు కదులుతుంది. దగ్గర్లో నిప్పు, వేడి ఏవీ ఉండకూడదు. అసిటోన్ మాత్రం వాడొద్దు, వైటాన్ అనే రబ్బరుతో చేసిన ఓ-రింగులు ఉబ్బిపోతాయి. బయట ఎక్కడా ముల్లు కదలకపోతే లోపల సీటు (వాల్వ్ మూసినప్పుడు సీల్ ఆనే చోటు) పోయినట్టు. ఈ పరీక్షలన్నీ ఆర్గాన్, నైట్రోజన్‌లాంటి అమాయకపు గ్యాసులున్న లైన్లకే. విషపు గ్యాస్ లైన్ జోలికి మీరు వెళ్లకండి. సైలేన్ గాలి తగిలితేనే భగ్గున మండుతుంది. ఆర్సీన్, ఫాస్ఫీన్ ప్రాణాలు తీస్తాయి. ఆ లైన్లను విప్పడం దానికోసం శిక్షణ ఉన్నవాళ్ల పని.

పార్ట్ నంబరు ఒక్కదాన్నే పట్టుకుని వేలాడొద్దు

పార్ట్ నంబరు అవసరమే. లేబుల్‌ను ఫోటో తీయండి, చివరి అక్షరం దాకా రాసుకోండి. ఆ చివరి అక్షరాల దగ్గరే నేను ఒకసారి దెబ్బ తిన్నాను. విదేశాల నుంచి పాత వాల్వ్ ఒకటి తెప్పించాను. మొదటి అంకెలన్నీ సరిపోయాయి, చివర ఒక్క అక్షరం తేడా. వచ్చాక చూస్తే, మాది గాలి ఆగిపోతే మూసుకునే రకం, అది గాలి ఆగిపోతే తెరుచుకునే రకం. బయటికి అచ్చం కవలలే. కరెంటు పోయి కంప్రెసర్ ఆగినప్పుడు మొదటిది గ్యాస్‌ను ఆపుతుంది, రెండోది గ్యాస్‌ను వదిలేస్తుంది. మన ఊళ్లో కరెంటు సంగతి తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అందుకని నంబరుతో పాటు వాల్వ్ కొలతలూ గుణాలూ ఒక కాగితం మీద పెట్టండి. గాలి లేనప్పుడు తెరుచుకుంటుందా, మూసుకుంటుందా. రెండు చివర్లూ ఏ రకం: కేఎఫ్ 25, కేఎఫ్ 40లాంటి క్లాంపు ఫ్లాంజా, రాగి వాషరు పడేదా, నట్టుతో బిగించే పావు అంగుళం వీసీఆర్ ఫిట్టింగా. ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని మిల్లీమీటర్లు. స్టీలు పైపులు వెల్డ్ చేసి ఉంటాయి, రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా వంచి కూర్చోబెట్టడం కుదరదు. కాయిల్ 24 వోల్టుల డీసీయా, 110 వోల్టుల ఏసీయా. అమెరికా 60 హెర్ట్జ్ ఏసీ కాయిల్‌ను అదే వోల్టేజీతో మన 50 హెర్ట్జ్ మీద నడిపితే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. కాయిల్ మాడిపోవడానికి చాలాసార్లు అదే కారణం.

ఇంక థ్రెడ్డు. అమెరికా వాల్వుల్లో గాలి పైపు పెట్టే చిన్న రంధ్రం తరచు 10-32 అనే అంగుళాల థ్రెడ్డు. మన షాపుల్లో దొరికే ఫిట్టింగు ఎం5 అనే మిల్లీమీటర్ల థ్రెడ్డు. ఒకదాని వ్యాసం 4.83 మిల్లీమీటర్లు, రెండోదానిది 5. పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) దాదాపు ఒకటే. దాంతో ఎం5 ఫిట్టింగు రెండు చుట్లు చక్కగా తిరిగి, తర్వాత బిగుసుకుంటుంది.

"ఎక్కుతోంది కదా, స్పానరేసి ఇంకో చుట్టు తిప్పేద్దామా?" అన్నాడు ఆటోనగర్‌లో మా లేత్ బాబాయ్.

"వద్దు బాబాయ్, అల్యూమినియం అది. ఆగండి" అన్నాను. అప్పటికే వెండి దారంలా సన్నని పోగు ఒకటి బయటికి వచ్చేసింది.

ఓ-రింగును కొలవాలంటే పాత రింగును కొలవకండి, అది ఏళ్ల తరబడి నలిగి చపాతీ అయి ఉంటుంది. అది కూర్చునే గాడిని వెర్నియర్‌తో కొలవండి. అమెరికా మెషిన్ అయితే ఏఎస్ 568 అనే ఓ-రింగు సైజుల పట్టీ చూడండి. అందులో రింగుల మందాలు 1.78, 2.62, 3.53, 5.33, 6.99 మిల్లీమీటర్లు, వీటిలో ఏదో ఒకటి సరిపోతుంది. సైజు దొరికాక మెటీరియల్ మామూలు నైట్రైల్ రబ్బరా, వైటానా, అంతకంటే ఖరీదైనదా అన్నది ఆ లైన్లో వెళ్లే గ్యాసునూ వేడినీ బట్టి తేల్చుకోవాలి.

ఎక్కడ అడగాలి

మొదట వాల్వ్ చేసిన కంపెనీనే అడగండి. "ఈ వాల్వ్ ఉందా" అంటే లేదంటారు. "దీనికి రిపేర్ కిట్ ఉందా, దీని బదులు ఇప్పుడు ఏ మోడల్ ఇస్తున్నారు, మాది పంపిస్తే బాగుచేసి ఇస్తారా" అని అడగండి. స్విట్జర్లాండ్ కంపెనీ వాట్‌లాంటి పెద్దవాళ్లకు రిపేరు విభాగాలే ఉన్నాయి. మామూలు వాక్యూమ్ వాల్వ్ అయితే బెంగళూరులోని హింద్ హై వాక్యూమ్‌లాంటి మన దేశపు తయారీదారులనూ అడగండి. కొలతలు కలిస్తే పేరుతో పనేముంది?

తర్వాత మనలాంటివాళ్లు. ఐఐటీల్లో, పెద్ద ల్యాబుల్లో మూలన పడేసిన మెషిన్లుంటాయి. అక్కడి టెక్నీషియన్‌కు ఒక ఫోన్ చేస్తే వారం రోజుల గూగుల్ వెతుకులాట తప్పుతుంది. ప్రొఫెసర్‌ గారి కంటే ముందు ఆయన్నే అడగండి, ఏ బీరువాలో ఏముందో ఆయనకే తెలుసు. ప్రభుత్వ సంస్థల పాత సామాను ప్రభుత్వ కంపెనీ అయిన ఎంఎస్‌టీసీ ఈ-వేలంలోకి వస్తుంటుంది. కాకపోతే అక్కడ లాట్ మొత్తం కొనాలి.

ఆఖరికి అమెరికా, జపాన్, కొరియా, తైవాన్ సెకండ్‌హ్యాండ్ డీలర్లు. వీళ్ల దగ్గర కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, "ఇది ఇంతకు ముందు ఏ గ్యాస్ లైన్‌లో ఉండేది?" శుభ్రం చేసినట్టు సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఎంత చవకైనా వదిలేయండి. క్లోరిన్‌లో పనిచేసిన వాల్వ్ మన గాలిలోని తేమ తగిలితే లోపల యాసిడ్ చేసుకుని తినేసుకుంటూ ఉంటుంది. లేబుల్ ఫోటోతో పాటు సీల్ కూర్చునే ముఖాన్ని దగ్గరగా తీసిన ఫోటో కూడా అడగండి. ఆ ముఖం మీద గుండ్రంగా తిరిగిన సన్నని గీతలతో పెద్ద భయం లేదు. లోపలి నుంచి బయటికి అడ్డంగా ఒక్క గీత పడినా గ్యాస్‌కు అదే దారి.

దిగుమతికి ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) నంబరు కావాలి. వాల్వులు కస్టమ్స్‌లో 8481 శీర్షిక కింద వస్తాయి. బాగుచేసిన స్పేర్లయితే, కొత్తదాని ఆయుష్షులో కనీసం 80 శాతం మిగిలి ఉందని చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్ అడుగుతారు. సరుకు బయల్దేరకముందే ఆ కాగితం తెప్పించుకోండి.

లోకల్‌గా ఏం చేయించవచ్చు

బ్రాకెట్లు, అడాప్టర్ ఫ్లాంజులు, గాలి సిలిండర్ లోపలి బుష్షులు మన లేత్ షాపుల్లో బ్రహ్మాండంగా చేస్తారు. స్టీలు బెల్లోస్ (ముడతల గొట్టం), డయాఫ్రమ్ (వంగే పలుచని రేకు), సీటు మాత్రం చేయించకండి. బాబాయ్ పనితనం మీద అనుమానంతో అనడం లేదు. గ్యాస్ లైన్ వాల్వులకు సాధారణంగా అడిగే లీక్ హద్దు, సెకనుకు ఒక సీసీలో వంద కోట్లవ వంతు. సబ్బు నురగ పెట్టి చూస్తే అది జన్మలో కనిపించదు.

వచ్చాక

పార్సిల్ రాగానే ఆవకాయ జాడీ మూత తీసినట్టు తీసి వాసన చూడకండి. గ్లవ్స్ వేసుకుని, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కిందే మూతలు విప్పండి. మెషిన్‌కు బిగించే ముందు బల్ల మీదే గాలి ఇచ్చి ఓ యాభై సార్లు తెరిచి మూయండి. తర్వాత హీలియం పరీక్ష. ల్యాబులో డిటెక్టర్ లేకపోతే ఉన్నచోటికి మోసుకెళ్లి చేయించండి.

తీసేసిన పాత వాల్వ్‌ను పారేయకండి. శుభ్రం చేయించి, రెండు చివర్లకూ మూతలు పెట్టి, ఏ లైన్‌లో ఉండేదో, ఏం పోయిందో, ఏ తేదీన తీశారో చీటీ రాసి కట్టండి. మా ల్యాబ్ బీరువాలో అలాంటివి పదకొండు ఉన్నాయి. పోయినేడాది ఎండల్లో ఒక వాల్వ్ మొరాయిస్తే, "సీటు పోయింది, కాయిల్ బాగుంది" అని చీటీ ఉన్న పాతదాని కాయిల్ తీసి పెట్టాం. అది ఇంకా నడుస్తోంది.