అడవి మొక్కలను నోట పెట్టుకునే ముందు జాగ్రత్తలు

ఆకు, పువ్వు, కాయ, వేరు అన్నింటినీ పోల్చి, మొక్కలను బాగా ఎరిగినవారికి చూపించి నిర్ధారించుకోవాలి; ఫోన్‌లోని యాప్ చెప్పిన పేరును మాత్రమే నమ్ముకొని తినకూడదు.

పక్షులు తింటున్న పండు మనిషికీ సరిపడుతుందని అనుకోకూడదు.

మత్తు కోసం ఉమ్మెత్త జోలికి అసలు పోకూడదు. దానిలోని అట్రోపిన్, స్కోపాలమైన్ అనే విషపదార్థాల మోతాదు మొక్కమొక్కకూ, ఒకే మొక్కలో భాగభాగానికీ మారుతుంది కనుక ఎన్ని గింజలు తింటే ప్రమాదం లేదో ఎవరూ చెప్పలేరు. నోరు ఎండి, కంటిపాపలు విప్పారి, ఒళ్లు కాలిపోతూ, ఎదుట లేని మనిషితో మాట్లాడుతూ, గాలిలో ఏదో ఏరుతున్నట్టు వేళ్లు కదిపే ఆ స్థితిలో, తాను మత్తులో ఉన్నానన్న ఎరుక కూడా చాలామందికి ఉండదు. ‘ప్రకృతిసిద్ధమైనదే కదా’ అనే మాటే ఇక్కడ అన్నిటికన్నా ప్రమాదకరమైనదని నా అభిప్రాయం.

ఉడికిస్తే విషం విరిగిపోతుందని నమ్మరాదు. అమానిటా ఫల్లాయిడిస్ అనే పుట్టగొడుగు విషం వంటకు లొంగదు. సాధారణంగా తిన్న 6 గంటలు దాటాకే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, అవి తగ్గి కోలుకున్నట్టు కనిపించిన తరువాత కాలేయం దెబ్బతిన్న సంగతి బయటపడుతుంది.

గురివింద గింజలను పిల్లలకు అందనీయకూడదు; పైపొట్టు పగలని గింజకంటే నమిలిన గింజ ఎంతో ప్రమాదకరం.

అనుమానం కలిగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, బలవంతంగా వాంతి చేయించకుండా, మిగిలిన మొక్క ముక్కతో, తిన్న సమయం గుర్తుపెట్టుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.