ఇంటి వేడుకల్లో ఫొటోలు తీసేవారికి కెమెరా జాగ్రత్తలు

అన్నప్రాశనకో గృహప్రవేశానికో సొంత కెమెరాతో ఫొటోలు తీయబోయేవారు ముందుగా చూసుకోవలసింది మెమరీ కార్డు. కాస్త చీకటిగా వచ్చిన ఫొటోను తర్వాత సరిదిద్దుకోవచ్చు గాని, కార్డు మొరాయిస్తే వేడుక మళ్లీ జరిపించలేము. పాత ఫొటోలను కంప్యూటరులోకి ఎక్కించి, అవి సరిగా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డును ఫార్మాట్ చేయాలి, అంటే పూర్తిగా ఖాళీ చేయాలి. ఆ పని కంప్యూటరులో కాక కెమెరాలోనే చేస్తే, కెమెరాకు కావలసిన ఫోల్డర్ల అమరిక సరిగ్గా ఏర్పడుతుంది. ఫొటో కార్డులోకి ఎక్కుతున్నంతసేపూ చిన్న లైటు వెలుగుతుంది; అది ఆరకముందే కార్డునో బ్యాటరీనో బయటికి లాగితే ఆ ఫొటోతో పాటు మిగతావీ పాడయ్యే ప్రమాదం ఉంది. పొరపాటున ఫొటోలు చెరిగిపోతే ఆ కార్డుతో ఇక ఒక్క ఫొటో కూడా తీయకూడదు. చెరిపినప్పుడు సాధారణంగా వాటి చిరునామా మాత్రమే పోతుంది, అసలు సమాచారం చాలావరకు కార్డులోనే ఉంటుంది కనుక, కొత్త ఫొటోలు దాని మీదికి ఎక్కనంతవరకు ఫొటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంది.

ఇక ఫొటో తీసేటప్పుడు ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది తెల్లని బట్టలు. తెల్ల పంచె, లాల్చీ వేసుకున్న తాతగారిని సున్నం వేసిన గోడ ముందు కూర్చోబెట్టి తీస్తే, పంచె మాసినట్టు, ముఖం నల్లబడినట్టు వస్తుంది. ఎదురుగా ఉన్న దృశ్యం మొత్తం మీద నడిమి బూడిదరంగంత వెలుగుతో ఉంటుందన్న లెక్కతో కెమెరా పనిచేస్తుంది. తెలుపు ఎక్కువైతే వెలుగు ఎక్కువైందనుకొని తగ్గించేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్‌తో ఎక్స్‌పోజరును, అంటే ఫొటోకు అందే వెలుగును, +0.7 లేదా +1కి పెంచితే పంచె తెల్లగా, ముఖం సహజంగా వస్తాయి. నల్లని తెర ముందు నిలబడినవారిని తీసేటప్పుడు మైనస్ వైపు జరపాలి. ఆ ఫొటో అయ్యాక సున్నాకు తిప్పడం మరవకూడదు; మరిస్తే తర్వాతి ఫొటోలన్నీ దెబ్బతింటాయి.

ఫంక్షన్ హాళ్లలో ఇంకొక చిక్కు ఎల్‌ఈడీ లైట్లతో వస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్‌ది కావడం వల్ల చాలా లైట్లు కంటికి తెలియకుండా సెకనుకు 100 సార్లు మినుకుతాయి, దాంతో ఫొటోలో అడ్డంగా నల్లని చారలు పడవచ్చు. ఫొటోకు వెలుగును లోనికి వదిలే షట్టరు చప్పుడు లేని ఎలక్ట్రానిక్ రకమైతే ఇవి ఎక్కువగా కనిపిస్తాయి కనుక హాల్లో మెకానికల్ షట్టరే వాడి, కూర్చున్నవారిని తీసేటప్పుడు షట్టరు వేగాన్ని సెకనులో 1/100 వంతు దగ్గర ఉంచడం మేలు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్‌ది కాబట్టి అక్కడి మనవాళ్లు 1/125 పెట్టుకోవచ్చు. తలంబ్రాలు పోసుకునే వేళ ఈ వేగం చాలదు. గాలిలోని బియ్యపు గింజలు గీతలుగా సాగకుండా ఉండాలంటే 1/500 కావాలి. వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, 3200కో 6400కో పెంచడానికి వెనుకాడవద్దు. ఫొటోలో కొంచెం గరుకుదనం కనిపించినా అది పనికివస్తుంది, ముఖాలు అలుక్కుపోయిన ఫొటోను ఎవరూ దాచుకోరు.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఏసీ హాలు నుంచి కెమెరాను ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే లెన్సు మీద తేమ కమ్ముతుంది. బయటికి వచ్చే ముందు దాన్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీస్తే ఆ తేమ సంచి పైనే ఆగిపోతుంది. తేమతో ఉన్న కెమెరాను బ్యాగులో పెట్టి నెలల తరబడి మరచిపోతే లెన్సు లోపల బూజు పడుతుంది, దాన్ని వదిలించడం ఖర్చుతో కూడిన పని. తేమను పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో కెమెరాను దాచి, అప్పుడప్పుడు బయటికి తీసి వాడుతూ ఉండాలి. లెన్సు మీది దుమ్మును చీర కొంగుతోనో చొక్కాతోనో తుడవకుండా, ముందు రబ్బరు బ్లోయరుతో ఊది, ఆపైన మైక్రోఫైబర్ గుడ్డతో సున్నితంగా తుడవాలి.

వేడుక ముగిసిన రాత్రే ఫొటోలను రెండు వేర్వేరు చోట్లకు, ఆ రోజు తేదీ పేరుతో పెట్టిన కొత్త ఫోల్డర్లలోకి ఎక్కించాలి. చాలా కెమెరాలు 9999 తర్వాత ఫైళ్ల సంఖ్యను మళ్లీ మొదటికి తెస్తాయి, అందువల్ల పాత ఫోల్డరులోనే వేస్తే అదే పేరున్న పాత ఫొటో మీదికి కొత్తది ఎక్కే ప్రమాదం ఉంది. రెండు చోట్లా ఫొటోలు తెరుచుకుంటున్నాయని చూసుకునేంతవరకు కార్డును అలాగే ఉంచాలి.